పోటీకి ఒక కాగు

టోలిచౌకిలో మా మేడపై నిలిచి పడమటివైపు చూచినచో కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటములు కనబడును. ఉత్తరమునకు తిరిగినచో ఫిలింనగరు గుట్టలు, వాని మీద చలనచిత్రములవారి ఇండ్లు, పనిశాలలు. ఈ రెండు దృశ్యములకు నడుమ, నీళ్ళతొట్టి ప్రక్క, రేకుల నీడలో, విద్యుచ్ఛక్తితో పనిచేయు ఒక చిన్న ఆవము నాకున్నది. అందులో కాలిన ఒక మట్టికాగును విదేశములో జరుగు ఒక పోటీకి పంపిన వృత్తాంతమును ఈ సాయంకాలము మీకు మనవి చేయదలచితిని. ఇందులో గెలుపోటముల ప్రసక్తి తక్కువ. దరఖాస్తు పత్రములోని ఒక చిన్న గడి నన్ను పెట్టిన తికమకయే ఎక్కువ.

మట్టిపాత్రలకు అంతర్జాతీయ పోటీ యేమిటని కొందరు శ్రోతలకు తోచవచ్చును. ఇటలీలో ఫాయెంజా అను చిన్న పట్టణము కలదు. గాజుపూత పెట్టిన మట్టిసామానునకు ఐరోపా భాషలలో ‘ఫయాన్స్’ అను పేరు ఆ ఊరినుండియే వచ్చినది. 1908లో గాయెటానో బల్లార్డీని అను పండితుడు అచ్చట మృణ్మయ వస్తువులకు ఒక ప్రదర్శనశాలను నెలకొల్పెను. 1938లో ఆ ఊర ఇటలీ కళాకారులకు ఒక పోటీ ఆరంభమై, 1963 నుండి అన్ని దేశములవారికిని ప్రవేశము కల్పించినది. 1989 నుండి అది రెండేండ్లకొకసారి జరుగుచున్నది. జపానులోని మీనో ప్రాంతమున 1986లో మొదలైన పోటీ మూడేండ్లకొకసారి వచ్చును. కొరియాలో 2001 నుండి ఇటువంటిదే మరియొకటి. మన దేశమున 2018లో జయపురమునందును, 2024లో ఢిల్లీయందును మృణ్మయకళకు పెద్ద ప్రదర్శనములు జరిగినవి.

హైదరాబాదునకు ఈ విద్య కొత్తది కాదు. పి. ఆర్. దరోజ్ ఇచ్చటనే పుట్టి, ఇచ్చటి లలితకళల కళాశాలలో చదివి, బరోడాలో మృణ్మయకళ నభ్యసించి, ఢిల్లీలో స్థిరపడి దేశమెల్ల పేరు గన్నారు. ఇంకను వెనుకకు పోయినచో, నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940 తరువాత జరిగిన త్రవ్వకములలో శాతవాహనుల నాటి తెల్లమట్టి బొమ్మలు దొరికినవి. రెండు అచ్చుల నడుమ అదిమి, లోపల గుల్లగా చేసిన ఆ బొమ్మల పనితనమును చూచినవారు, మన పూర్వులకు మన్ను తెలియదని అనజాలరు.

అయినను పోటీకి ఏమి పంపవలెనను ప్రశ్న వచ్చునప్పటికి నాకు పూర్వులెవరును జ్ఞప్తికి రాలేదు. విదేశీ పత్రికలలోని ఛాయాచిత్రములు జ్ఞప్తికి వచ్చినవి. వానిని చూచి బూడిదరంగు గిన్నెలు కొన్ని చేసితిని. అవి జపాను తేనీటి గిన్నెలకు మేనమామ బిడ్డలవలె ఉండెను. పోలిక ఉన్నది గాని ఇంటిపేరు వేరు. వానిని అటక మీద పెట్టితిని.

2020 అక్టోబరులో కుంభవృష్టి కురిసి మా టోలిచౌకిలో నదీమ్ కాలనీ మునిగిన సంగతి చాలమందికి జ్ఞాపకముండును. నా పనిగది అప్పుడు క్రింది అంతస్తులో ఉండెడిది. ఆరబెట్టిన పచ్చి పాత్రలు పదునాలుగు అందులో నున్నవి. కాల్చిన కుండ నీటిలో నెలల తరబడి నానినను కుండయే. కాల్చని కుండ అట్లు గాదు, నీరు తగిలిన కొలది నిమిషములకే మరల మన్నగును. నీరు తీసిన పిమ్మట తలుపు తెరచి చూడగా పాత్రలు లేవు, నేలపై జేనెడు బురద ఉన్నది. గోడల మీద మాత్రము నడుమెత్తున, త్రాడు పట్టి గీచినట్లు, ఒక చార మిగిలెను.

ఆ చారను చూచినప్పుడు నాకు బాద్‌షాహీ ఆషుర్‌ఖానా జ్ఞప్తికి వచ్చినది. పాతబస్తీలో పత్థర్‌గట్టి సమీపమున, పదునారవ శతాబ్దపు చివర మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించిన భవనమది. దాని గోడలపై రంగుల గాజుపలకలను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒకదాని నొకటి ఆనునట్లు పొదిగినారు. 1611 నాటికి ఆ పని పూర్తియైనది. నీలము, పసుపు, పచ్చ, తెలుపు అన్నియు కలిసి, కన్ను ఎచ్చట నిలుపవలెనో తెలియనంత సందడి. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచినప్పుడు ఆ పలకలలో క్రిందివి చాలవరకు పాడైనవి. ఆ చోటులను పిమ్మట వట్టి రంగుపూతతో నింపినారు. పై భాగమున నిజమైన పలకలు, క్రింది భాగమున వాని బొమ్మలు. ఈ రెంటికిని నడుమ హద్దు గీచినది నది.

ఫాయెంజాలో ప్రదర్శనశాల పుట్టినదియు ఆ 1908లోనే. ఆ ఊరిని 1944లో యుద్ధపు బాంబులును, 2023 మే నెలలో వరదలును దెబ్బతీసినవి. ఇందులో విశేషార్థమేదియు లేదు. మన్నుతో పని చేయువారికి నీటితో వ్యాజ్యము ఎల్లయెడల ఉండునని మాత్రము అనుకొంటిని.

పెద్ద కాగు ఒకటి చేసి, మెడనుండి నడుమువరకు నీలపు గాజుపూత పెట్టి, అచ్చటినుండి క్రిందికి మన్నును మన్నుగా విడిచిపెట్టవలెనని తోచినది. సంకల్పము సులభము. అంత పెద్ద కాగు చేయుట నా చేతులకు రాదు. శంకరపల్లి త్రోవలోని ఒక పల్లెలో, పన్నెండవ యేటినుండి సారె త్రిప్పుచున్న ఒక వృద్ధుడున్నాడు. ఆయనను ‘తాతా’ అని పిలుచుదును. ఆయన నన్ను ‘బిడ్డా’ అనును. ఆయన వద్దకు పోతిని.

కాగు చేయు విధానమును చూడనివారికి ఒక ముచ్చట చెప్పవలెను. సారె దిగునప్పుడు కాగునకు అడుగుండదు. అంచు, మెడ, దళసరి ప్రక్కలు మాత్రమే సారె మీద తయారగును. దానిని కోసి తీసి, కొంత ఆరిన పిమ్మట, లోపల ఎడమచేత నున్నని రాయి ఆనించి, వెలుపల కుడిచేత చెక్కతో కొట్టుచు, ప్రక్కలను సాగదీసి సాగదీసి అడుగును మూయుదురు. గోడ పలుచనగును, కడుపు పెరుగును. తాత చెక్క దెబ్బలో ఒక తాళమున్నది. అది తప్పినచో ఆయన ఆగి, కాగును చుట్టి చూచి, మరల అందుకొనును. నాలుగు కాగులు చేసినాడు. రెండు ఎండలో పగిలినవి.

మూడవదానిని కొట్టుచు ఆయన నన్నడిగెను: “బిడ్డా, గిది నీళ్ళకా, సూసెటందుకా?”

“చూచుటకే తాతా,” అంటిని.

“సూసెటందుకైతే ఇంత గట్టిగ కొట్టుడెందుకు?” అని నవ్వి, యథాప్రకారము గట్టిగానే కొట్టినాడు.

కాగును ఆయన ఆవములో గడ్డి, పిడకలతో ఒకసారి కాల్చి, గాజుపూతకు నా ఆవమునకు తెచ్చితిని. ఇక్కడ మూడు నెలలు గడచినవి. మన చెరువుమన్ను 1100 డిగ్రీలు సమీపించినచో మెత్తబడి వంగును. కనుక తక్కువ వేడిలో కరగు పూత కావలెను. రాగిభస్మము సీసపు గాజులో ఆకుపచ్చనగును, క్షారపు గాజులో ఆషుర్‌ఖానా నీలమగును. అయితే క్షారపు గాజు చల్లారునప్పుడు మన్నుకంటె ఎక్కువ కుదించుకొనును, అందుచే పూత అంతయు వెండ్రుకవాసి బీటలు. పూర్వపు ఇరాను పనివారు ఈ చిక్కు నెరిగి, పలుగురాతి పొడి అధికముగా కలిపిన ముద్దతో పలకలు చేసెడివారు. నేనును గాజుపూత క్రింద పలుగురాతి పొడి కలిపిన తెల్లమట్టి పూత నొకదానిని పెట్టితిని. బీటలు తగ్గినవి. పలుగురాతికి 573 డిగ్రీల వద్ద హఠాత్తుగా పరిమాణము మారు గుణమున్నది. అచ్చట తొందరపడినచో కాగు పగులును. ఆ రాత్రి నేను నిదురపోలేదు.

చల్లారిన కాగును చూచుటకు తాత వచ్చినాడు. వ్రేలితో కొట్టి చెవి యొగ్గి విన్నాడు. పిమ్మట నన్నడుగకయే కుండెడు నీరు తెచ్చి అందులో పోసినాడు. “నీళ్ళు పోసి సూడక కుండ ఎట్ల పంపుతవు?” అన్నాడు.

అరగంటకు కాగు చెమర్చినది. గాజుపూత ఉన్నమేర పొడిగా, మెరయుచు ఉన్నది. పూత లేని క్రింది సగము మాత్రము తడిసి నల్లబడి, రెంటి నడుమ స్పష్టముగా ఒక చార తేలినది. నేను నెలల తరబడి గాజుతోను రంగుతోను చెప్పుటకు ప్రయాసపడిన విషయమును ఒక బిందె నీరు చెప్పినది. పోటీలో కాగును నీటితో నింపి ఉంచవలెనని అప్పుడే నిశ్చయించితిని.

ఇక దరఖాస్తు. ఈ పోటీలలో న్యాయనిర్ణేతలు సాధారణముగా మొదట ఛాయాచిత్రములనే చూతురు. వానిని బట్టి ఎంపిక చేసి, పిమ్మట వస్తువులను రప్పింతురు. మా వీధిలో చలనచిత్రములకు రంగాలంకరణ చేయు మిత్రుడొకరున్నారు. ఆయన చిత్రమును చూచి, “ఇట్టి కాగును నేను నారతోను సుద్దతోను రెండు రోజులలో చేయగలను, చిత్రములో తేడా తెలియదు,” అన్నారు. ఆయన మాట సత్యము. అందుచే ఒక చిత్రము పొడి కాగుది, ఒకటి నీరు పోసిన గంటకు తీసినది, మరియొకటి లోపలి గోడపై రాతి గురుతులు కనబడునట్లు తీసినది పంపితిని. లోపలి గోడను ఆయన సుద్దతో చేయలేరు.

దరఖాస్తులో ‘కళాకారుని పేరు’ అని ఒక గడి. అందులో నా పేరు వ్రాసితిని. క్రింద వివరణలో ‘ఒక గ్రామ కుమ్మరి సహాయముతో’ అని చేర్చితిని. వ్రాసి, చదువుకొని, కలము క్రింద పెట్టితిని. రూపము ఆయనది, దళసరి ఆయనది, నీరు పోయుటయు ఆయనదే. నాది నీలము, సంకల్పము. ‘సహాయము’ అను మాట ఎవరికి వర్తించును?

జపానులో యనగి సోయెత్సు అను తత్త్వజ్ఞుడు పేరులేని పనివాని సౌందర్యమును ప్రశంసించినాడు. ఆయన మిత్రుడు షోజీ హమడా తన పాత్రలపై సంతకము చేయుట మానుకొన్నాడు. 1955లో ఆ ప్రభుత్వము హమడాను సజీవ జాతీయనిధిగా గౌరవించినది. పేరు పెట్టనివానికి అంత పేరు వచ్చినది! ఆ ఆదర్శమును నేను తక్కువ చేయను. కాని మా తాత సంతకము చేయకుండుట తత్త్వము వలన గాదు, ఎవరును అడుగకుండుట వలన.

చాల పోటీలలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కృతిని పంపుటకును వీలున్నది. అయితే అందరి సంతకములు, జీవితసంగ్రహములు కావలెను. పత్రము తీసికొని పల్లెకు పోతిని. తాత పేరు నిదానముగా వ్రాసినాడు. చదువు గడిలో గీత గీచితిమి. ‘ఇంతవరకు పాల్గొన్న ప్రదర్శనములు’ అను గడి వద్ద నేనాగితిని. ఆయన ఆగలేదు. ఆషాఢమాసమున గోలకొండ కోటలో జగదాంబ అమ్మవారికి బోనమెత్తు ఇండ్లవారు ఏటేట తన వద్ద కుండలు కొనుచున్నారని చెప్పినాడు. చుట్టు ప్రక్కల పెండ్లిండ్లకు ఐరేని కుండలు తన ఇంటినుండియే మేళతాళములతో కదలునని చెప్పినాడు. నేను దానిని యథాతథముగా ఆంగ్లములో వ్రాసితిని. గడి చాలక వెనుక ప్రక్కకు కూడ పోయినది.

మొదటి వడపోతలో మా కాగు నిలిచినది. వస్తువును పంపుడని జాబు వచ్చినది.

కట్టుట గూర్చి రెండు మాటలు, పంపదలచినవారికి పనికివచ్చును. పూర్వమొకసారి నేను పంపిన గిన్నె మూడు ముక్కలై చేరినది. కట్టిన విధమునకు ఛాయాచిత్రములు లేవని భీమా సొమ్ము ఈయలేదు. ఇప్పుడు ప్రతి పొరకును చిత్రము తీయుచున్నాను. ఒక పెట్టెలో మరియొక పెట్టె, నడుమ నాలుగు వ్రేళ్ళ మందమున మెత్త. చెక్కపెట్టె యైనచో పురుగు లేకుండ వేడిచేసిన చెక్క అని ముద్ర ఉండవలెను, లేనిచో రేవులో ఆపుదురు. విప్పువారికి బొమ్మలతో సూచనలు మూత లోపలనే అంటించవలెను. బహుమతి వచ్చినచో వస్తువు అచ్చటనే ఉండిపోవునా, రానిచో తిరుగు ఖర్చు ఎవరిది అను సంగతి ముందుగా నియమములలో చదువుకొనవలెను. నేను మొదటిసారి చదువలేదు.

పెట్టె మూయునాడు తాత వచ్చినాడు. మూత లోపల అంటించిన కాగితమును చూపి ఏమి వ్రాసితివని అడిగినాడు. ‘ప్రతి ఉదయము మెడకు జానెడు తక్కువగా మంచినీరు నింపవలెను. సాయంకాలము తుడువరాదు’ అని చదివి వినిపించితిని.

“మల్ల వాపసు వస్తదా?” అన్నాడు.

గెలిచినచో రాదని, గెలువనిచో వచ్చునని చెప్పితిని. ఆయన కొంతసేపు ఆలోచించి, “వస్తే మా వాకిట్ల పెట్టు. ఎండకాలం నీళ్ళు సల్లగుంటయి,” అన్నాడు. పిమ్మట బండివాడు వచ్చి పెట్టె నెత్తినాడు.