రూముకు నెట్ లైన్: పేరు ఒకరిది, జాగ్రత్త అందరిది

మొన్న సెలవు రోజు మీటింగులో నేను చెప్పిన మాటలివి. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నా.

యూఏఈలో ఇంటి నెట్ లైన్ ఎమిరేట్స్ ఐడీ మీద ఇస్తారు. ఎనిమిది మంది పైసలు వేసుకొని వాడుకున్నా, కాగితం మీద పేరు ఒక్కరిదే. కాబట్టి లైన్ చెడినా, చెడ్డపేరు వచ్చినా ముందు అడిగేది ఆ ఒక్కన్నే.

మా రూములో జరిగింది చెప్తా. రౌటర్ హాల్లో ఉంది, లోపలి గదికి సిగ్నల్ అందదు. ఒక తమ్ముడు పాత రౌటర్ కొనుక్కొచ్చి వైరు గుచ్చిండు. ఆ రోజు నుంచి నెట్ వచ్చుడు, పోవుడు. పిల్లలతో మాట్లాడుతుంటే మధ్యలో కట్. "పైసలు తీసుకుంటవు, నెట్ ఉండదు" అని లైన్ తీసుకున్న అన్నతో గొడవ. తీరా చూస్తే లైన్ తప్పేం లేదు.

సంగతి ఏందంటే, ప్రతి ఫోనుకు రౌటర్ ఒక నంబరు ఇస్తుంది. ఆ పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఒకే మెస్సులో ఇద్దరు కూర్చొని ఎవరికి వాళ్లు టోకెన్లు పంచితే ఏమైతది? అక్కడ అదే అయింది.

రెండో రౌటర్ పెట్టాలంటే ఇట్లా చేయండి:

1. పాత రౌటర్‌ను మెయిన్ రౌటర్‌కు కలపకముందే కరెంటు పెట్టి, రీసెట్ చేయండి. ఫోన్లో మొబైల్ డేటా ఆపి, దాని వైఫైకి కలవండి. వెనుక స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్‌తో సెట్టింగుల్లోకి వెళ్లండి.
2. వైఫైకి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ పెట్టండి.
3. మెయిన్ రౌటర్ 192.168.1.1 అయితే, దీనికి 192.168.1.250 లాంటిది ఇవ్వండి. మొదటి మూడు అంకెలు రెండింటికీ ఒకటే ఉండాలి.
4. కొత్త అడ్రస్‌తో మళ్లీ లోపలికి వెళ్లి, డీహెచ్‌సీపీ ఆపేయండి.
5. ఇప్పుడు మెయిన్ రౌటర్ లాన్ పోర్టు నుంచి దీని లాన్ పోర్టుకు వైరు పెట్టండి. వాన్ అని రాసి ఉన్న పోర్టును ఖాళీగా వదలండి.

గోడ అవతలికి 2.4 గిగాహెర్ట్జ్ బాగా పోతుంది. 5 గిగాహెర్ట్జ్ స్పీడు ఎక్కువ, దూరం తక్కువ.

ఇక పాస్‌వర్డ్. ఒకరు ఇంకొకరికి చెప్పి, బిల్డింగంతా పాకుతుంది. 2021 నాటి 34వ నంబరు సైబర్ చట్టం ఇక్కడ చాలా కఠినం. ఎవడో తెలియనివాడు మన లైన్ మీద తప్పు పని చేస్తే, జవాబు చెప్పుకోవాల్సిన పరిస్థితి మన అన్నకు రావద్దు. రూము నుంచి ఎవరు పోయినా అదే రోజు పాస్‌వర్డ్ మార్చండి. పక్క ఫ్లాటుకు లైన్ ఇచ్చి పైసలు వసూలు చేయకండి.

చివరి మాట. లైన్ పేరున్నాయన ఇంటికి పోయే ముందు బాకీ కట్టి, లైన్ బంద్ చేయించి, ఆ రసీదు దగ్గర పెట్టుకోవాలి. ఒప్పందం గడువు మిగిలి ఉంటే దానికయ్యే ఖర్చు ఆయన ఒక్కడి మీద వేయకండి. నెట్ అందరం వాడినం, ఖర్చు కూడా అందరం పంచుకుందాం.