పూదోటలో కృతజ్ఞత



ప్రాతఃకాలంలో పూలతోటలో కొంతసేపు నడిస్తే మనస్సుకు ప్రశాంతి కలుగుతుందని పెద్దలూ వైద్యులూ కూడా చెబుతూనే ఉన్నారు. అట్లా నడిచేవారు మనలో అనేకులు ఉన్నారు. మరి ఆ ప్రశాంతి అందరికీ ఎందుకు కలగడం లేదు? కాళ్లు తోటలో ఉంటాయి. మనస్సు నిన్నటి తగవులోనో, రేపటి ఖర్చులోనో తిరుగుతూ ఉంటుంది. మరికొందరు పూలసజ్జ పట్టుకొని బయలుదేరుతారు. ఏ కొమ్మకు ఎన్ని పూచినవో లెక్కపెడుతూ, కోసుకొంటూ వెళ్లిపోతారు. దేవుని కొరకే కదా అంటారు. నిజమే. అయినా ఆ తొందరలో పువ్వును చూడడమే మరచిపోతున్నాము. ఈ విషయమై నాకు తోచిన నాలుగు మాటలు మీకు విన్నవించుకొంటాను.

కృతజ్ఞత అనే పదాన్ని మనం నిత్యం వాడుతున్నాము. దాని అర్థం కొంచెం విచారించండి. ‘కృతం’ అనగా చేయబడినది. ‘జ్ఞ’ అనగా ఎఱిగినవాడు. మనకు ఇతరులు చేసినదానిని ఎఱిగి ఉన్నవాడు కృతజ్ఞుడు. ఈ పదంలో సంతోషమన్న మాట ఎక్కడా లేదు. ఎఱుక అన్న మాట ఉన్నది. సంతోషం కలిగినప్పుడే కృతజ్ఞత ఉంటుందని భావించడం మనకు అలవాటైపోయింది. కృతజ్ఞత ముఖ్యంగా ఒక జ్ఞానం. అందుకే కాబోలు, శ్రీమద్రామాయణ ప్రారంభంలో వాల్మీకి మహర్షి నారదుని ప్రశ్నిస్తూ, పదహారు గుణాలు గల పురుషుడెవరని అడిగేటప్పుడు, ధర్మజ్ఞుడు అన్న వెంటనే కృతజ్ఞుడు అని అడిగారు.

తోటలో ఎఱుగవలసినది ఏమున్నది? మనం నిద్రించిన రాత్రి అక్కడ ఎంత పని జరిగిందో చూడండి. పారిజాతం చీకటిలో పూచి, తెల్లవారేసరికి తన పువ్వులను నేల మీద రాల్చి ఉంటుంది. ఇతర పువ్వులు నేల రాలితే పూజకు పనికిరావంటారు గాని, పారిజాతాన్ని మాత్రం నేల నుండి ఏరుకొని అర్పించడం మన ఆచారం. పాదులో వానపాములు మన్ను గుల్లచేసి చిన్న చిన్న కుప్పలుగా పైకి తెచ్చి ఉంటాయి. పందిరి మీద గుమ్మడి పువ్వు వేకువనే విచ్చుకొంటుంది. ఎండ ఎక్కేసరికి వాడిపోతుంది. ఆ కొద్దిపాటి వ్యవధిలో తేనెటీగ వచ్చి పోతుపువ్వు పుప్పొడిని పెంటిపువ్వుకు చేర్చకపోతే, ఆ పిందె పండుబారి రాలిపోతుంది. మనం సంక్రాంతికి దానమిచ్చే గుమ్మడికాయ వెనుక ఆ ఈగ చేసిన సేవ ఉన్నది. దానికి మనం జీతమిచ్చామా? కనీసం చూశామా? ఇట్లా మన ప్రయత్నం లేకుండా మన కొరకు జరిగిన పనులను ఒక్కొక్కటిగా గుర్తించేటప్పుడు, నాకెవరేమి చేశారు అని నిత్యం సణిగే మనస్సు కొంతసేపు మౌనం వహిస్తుంది. ప్రశాంతి అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ఒకమారు ప్రవచనం ముగిసిన తరువాత ఒక వృద్ధుడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. ‘‘అయ్యా, మా పెరటిలో మల్లెపందిరి నా భార్య వేసినది. ఆమె పోయి ఆరు నెలలయింది. ఉదయం అక్కడికి వెళితే పువ్వులను చూచి ఏడుపు వస్తున్నది. మీరు ప్రశాంతి అంటారు, కృతజ్ఞత అంటారు. నాకు ఏ ప్రశాంతి?’’ అని అడిగారు. ఇది వారి ఒక్కరి ప్రశ్న కాదు. దుఃఖంలో ఉన్న ప్రతివారి ప్రశ్న.

దీనికి సమాధానం కూడా రామాయణంలోనే ఉన్నది. చిత్రకూటంలో శ్రీరామచంద్రుడు సీతమ్మకు ఆ కొండ అందాన్ని, మందాకినీ నదిని చూపుతూ, ఈ శోభను చూస్తుంటే రాజ్యం పోయినందుకుగాని, ఆప్తులకు దూరమైనందుకుగాని మనస్సుకు బాధ తోచడం లేదన్నాడు. ఆ రాముడే సీతా వియోగంతో పంపా తీరానికి చేరినాడు. వసంతకాలం. చెట్లన్నీ పూచి ఉన్నాయి. ఆ పువ్వులే ఆయన శోకాన్ని ఇంకా రగిలించాయి. లక్ష్మణుడు ఓదార్చవలసి వచ్చింది. చూశారా! అవతారపురుషునికే పువ్వులు ఒకప్పుడు ఊరటనిచ్చి, ఒకప్పుడు కన్నీరు తెప్పించాయి. కావున పూలతోటకు వెళ్లి దుఃఖించడం దోషం కాదు.

అయితే ఈ రెంటి నడుమ జరిగిన ఒక సంగతిని మనం గమనించవలె. సీతను వెదకుతూ తిరిగే రామునికి రెక్కలు తెగిపడిన జటాయువు కనిపించాడు. రాముడు ఆ సమయంలో ఎంత శోకంలో ఉన్నాడో మనకు తెలుసు. అయినా, సీతాపహరణం కంటె తన కొరకు ఈ పక్షి ప్రాణం విడవడమే తనను ఎక్కువగా బాధిస్తున్నదన్నాడు. తన చేతులతో చితి పేర్చి దహనం చేశాడు. మన గోదావరీ నదిలో ఆ పక్షిరాజుకు జలతర్పణం విడిచాడు. దుఃఖం తీరిన తరువాత కృతజ్ఞత చూపుదామని ఆగలేదు. నిండు శోకంలో ఉండి కూడా తనకు చేయబడినదానిని ఎఱిగాడు. ఎఱిగి చేయవలసినది చేశాడు. వాల్మీకి అడిగిన కృతజ్ఞుడు ఆయనే అనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావలె?

ఆ వృద్ధునితో నేను అన్నది ఇంతే. ‘‘ఏడుపు వస్తే రానివ్వండి. ఆ పందిరికి మాత్రం నీళ్లు మానకండి. ఆమె చేసినది అక్కడ నిలిచి ఉన్నది.’’ కొంతకాలానికి వారు మళ్లీ కనిపించినప్పుడు, దుఃఖం పోలేదుగాని తెల్లవారితే పందిరి దగ్గరకు వెళ్లకుండా ఉండలేకపోతున్నానని, పూచిన పువ్వులలో కొన్ని ఆలయానికి పంపుతున్నానని చెప్పారు. వారి ముఖంలో ఒక నెమ్మది కనిపించింది. శాంతి అనేది దుఃఖం లేకపోవడమే అనుకొంటే మనకెవరికీ అది దొరకదు.

ఇక ఆచరణకు సంబంధించిన మాట. నిద్ర లేచి పాదం నేల మీద మోపే ముందు, నిన్ను కాలితో తాకుతున్నాను, క్షమించు తల్లీ అని భూదేవిని వేడుకోవడం మన పెద్దలు నేర్పిన పద్ధతి. ఆ భావంతోనే తోటలో మొదటి అడుగు వేయండి. మొదటి చుట్టు వట్టి చేతులతో నడవండి. పూలసజ్జ అరుగు మీదనే ఉండనివ్వండి. ఆ చుట్టులో నిన్న లేనిది ఈ దినం ఏమి వచ్చిందో చూడండి. తరువాత నీళ్లు పోయండి. ఆ తరువాతనే కోయండి. నేను చదువుకొన్న పాఠశాలలో సంతకు కూర్చొనే ముందు పిల్లలందరం బావినుండి నీళ్లు తోడి పూలపాదులకు పోసేవారము. నీళ్లు పోసినవాడే పువ్వులు కోయవలెనన్నది మా గురువుగారి కట్టడి. చిన్నతనంలో అది శ్రమగా తోచేది. పువ్వుకు ముందు ఎంత పని ఉన్నదో తెలియజేయడానికే ఆ నియమమని పెద్దయిన తరువాత బోధపడింది. కొమ్మకున్న పువ్వులన్నీ కోసివేయక కొన్ని విడిచిపెట్టండి. తేనెటీగకు కూడా భాగమున్నది. పొరుగువారి ప్రహరీ మీదుగా వంగిన కొమ్మను అడగకుండా ముట్టకండి.

పట్టణాలలో అపార్టుమెంటులో ఉన్నాము, మాకు తోట ఎక్కడిది అని కొందరు అనవచ్చు. కుండీలో ఒక్క తులసి మొక్క ఉంటే చాలును. దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయడానికి స్థలం లేకపోతే, నిలిచిన చోటనే ఆత్మప్రదక్షిణ చేయండి. నిన్న లేని చిగురు ఒకటి ఈ దినం కనిపిస్తుంది. అది మన ఆజ్ఞతో వచ్చినది కాదు.

పువ్వును పూయించినవాడు, దానిని చూచే కన్నునిచ్చినవాడు ఆ భగవంతుడే. ఆయనదాన్ని ఆయనకే అర్పిస్తున్నామన్న ఎఱుకతో వేసిన ఒక్క పువ్వు చాలును. అటువంటి ఎఱుకను మనకందరికీ అనుగ్రహించవలసినదిగా స్వామిని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

స్వస్తి.