సుసన్నా వెస్లీ ఇంటి బడి

ఇంగ్లండ్‌లోని ఎప్‌వర్త్ అనే చిన్న ఊళ్లో చర్చి పాస్టరు శామ్యూల్ వెస్లీ. ఆయన భార్య సుసన్నాకు 19 మంది పిల్లలు పుట్టారు. దాదాపు సగం మంది పసితనంలోనే పోయారు. ఇంట్లో అప్పులు తీరేవి కావు. 1705లో అప్పు కట్టలేక భర్త లింకన్ కోట జైలుకు వెళ్లారు. 1709లో ఇల్లు కాలిపోయింది.

అయినా ఆమె ఇంటి బడిని వదిలిపెట్టలేదు. బిడ్డకు అయిదేళ్లు నిండగానే అక్షరాలు, ఆ వెంటనే బైబిలు మొదటి అధ్యాయం. రోజుకు ఆరు గంటల చదువు. చక్కగా చదవడం వచ్చేదాకా ఆడపిల్లకు ఇంటిపని నేర్పకూడదని ఆమె నియమం. ఆ కాలానికి ఎంత గొప్ప మాట! ఏడ్చినా మెల్లగా ఏడవాలన్న కట్టడి మాత్రం నేటి తల్లులకు కటువుగానే తోస్తుంది.

కానీ ఆమె పిల్లల్ని మందగా చూడలేదు. వారంలో ఒక్కొక్కరికి ఒక్కో సాయంత్రం కేటాయించి, విడిగా కూర్చోబెట్టుకుని, దేవుడి గురించీ మనసులోని దిగుళ్ల గురించీ మాట్లాడేది. కొడుకు జాన్‌ది గురువారం. పెద్దయ్యాక కూడా ఆయన ఆ సాయంత్రాలను తలుచుకుంటూ తల్లికి ఉత్తరం రాశారు. ఇంతమందిలో ఏ ఒక్కరూ మరుగున పడకుండా చూసిన పద్ధతి ఇదే.

జాన్, తమ్ముడు చార్లెస్ తరవాత మెథడిస్టు ఉద్యమాన్ని నడిపారు. ఆ శాఖ మిషనరీలే తెలంగాణకు వచ్చి మెదక్ చర్చి కట్టించారు. 1924లో దాన్ని ప్రతిష్ఠించారు.