బండికీ ఒక బండి

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ముందు బయలుదేరి వెళ్ళేది శ్రీవారు. పాలవాడి లెక్క తేల్చడం, సామాను సర్దడం, ఇంటివారికి తాళం అప్పగించడం మన వంతు. గిన్నెలు గోనెల్లో కట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు. వరండాలో నిలబడివున్న మోటారు సైకిలు దగ్గరికొచ్చేసరికి మాత్రం “అది మగవాళ్ళ వ్యవహారం” అని వూరుకుంటాం. ఆ మగవాళ్ళు వూళ్ళో లేనప్పుడు, లారీవాడు ఎలా పడేస్తే అలా వెళ్తుంది. ఇంకా వాయిదాలు తీరని వస్తువు! అందుకని ఇవాళ దాని సంగతి చెప్పుకుందాం.

ఏ ఢిల్లీకో పోవాల్సివస్తే రైలు పార్శిలే మేలు. ఆర్.సి., ఇన్సూరెన్సు కాగితాల నకళ్ళు, గుర్తింపు కార్డు పట్టుకెళ్ళాలి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. గోనెపట్టా చుట్టించి, ఎక్కే స్టేషను, దిగే స్టేషను పేర్లు రాసిన అట్ట కట్టించాలి. బండి చేరాక త్వరగా విడిపించుకోకపోతే నిలవ రుసుము పడుతుంది.

హైదరాబాదు నుంచి విజయవాడకి మారేవాళ్ళకి ఇంత శ్రమ అక్కర్లేదు. చిన్న ట్రక్కు ఒకటి మాట్లాడుకుంటే ఇంటి ముందు ఎక్కించి ఇంటి ముందు దింపుతారు. కానీ ఏ ట్రక్కు? టాటా ఏస్ తొట్టి పొడుగు సుమారు 7 అడుగులు. స్ప్లెండర్ లాంటి బండి ఆరున్నర అడుగులు, బరువు 110 కిలోల పైచిలుకు, కాబట్టి హాయిగా పడుతుంది. బుల్లెట్ అయితే దానికదే 7 అడుగులు, బరువు 190 కిలోలు దాటుతుంది. దాన్ని ఏస్‌లో నిలువునా పెడితే వెనక తలుపు పడకపోవచ్చు. తలుపు తెరిచే పోనిద్దాం అంటాడు డ్రైవరు. ఒప్పుకోకండి. బొలేరో పికప్ లాంటి పొడుగు తొట్టి బండి అడగండి. కిరాయి కొంచెం ఎక్కువే అవుతుంది, అయినా అక్కడ పొదుపు చూసుకోకూడదు.

ఎక్కించేటప్పుడు జరిగే ప్రమాదమే పెద్దది. సన్నటి పొట్టి బల్ల ఒకటి ఆనించి ఇంజను వేసి పైకి తోలే కుర్రాళ్ళు వుంటారు. చక్రం అంగుళం పక్కకి జారితే బండీ మనిషీ కలిసి పడతారు. తొట్టి ఎత్తు రెండున్నర అడుగులనుకుంటే బల్ల కనీసం 8 అడుగులుంటే గానీ వాలు సుఖంగా వుండదు. బల్ల లేకపోతే ట్రక్కుని వెనక్కి నడిపించి, వీధిలో ఏదైనా గట్టుకో అరుగుకో తొట్టి ఆనేలా పెట్టించండి. సగం ఎత్తు అక్కడే కలిసొస్తుంది. ఇంజను ఆపి, ముగ్గురు మనుషులు తోయాలి. మీరూ పిల్లలూ మాత్రం వెనకవైపు నిలబడవద్దు.

ఇక కట్టడం. చాలామంది సైడ్ స్టాండు మీద వాల్చి రెండు తాళ్ళు బిగించి అయిందనిపిస్తారు. గుంత వచ్చినప్పుడల్లా బరువంతా ఆ ఒక్క కాలు మీద పడి అది వంగుతుంది, లేదా విరుగుతుంది. పడుకోబెట్టడం మరీ అన్యాయం. పెట్రోలు కారుతుంది, కొన్ని బ్యాటరీల్లో యాసిడ్ కూడా కారుతుంది. బండి నిటారుగా, రెండు చక్రాల మీదా నిలబడాలి. ముందు చక్రం క్యాబిను వైపు గోడకి ఆనాలి. హ్యాండిలు కింద నుంచి రెండు తాళ్ళు అటొకటి ఇటొకటి, ముందుకీ కిందికీ లాగి, షాకబ్జార్బర్లు సగం దాకా దిగేలా బిగించాలి. పూర్తిగా నొక్కేస్తే వాటి సీళ్ళు పాడవుతాయి, వదులుగా వదిలేస్తే చక్రం ఎగిరినప్పుడు కొక్కెం వూడుతుంది. వెనక ఫ్రేముకి ఇంకో రెండు. ఇండికేటర్లకీ, సైలెన్సరుకీ, సీటు మీదుగానూ కట్టనివ్వకండి. పళ్ళచక్రంతో బిగించే బెల్టులు దొరికితే అవే వాడించండి. నైలాన్ తాడు సాగుతుంది. తాడు రంగుకి రాసుకునే చోట పాత చీర ముక్క పెట్టండి, మన దగ్గర వాటికేం కొదవ! గేరులో వుంచితే చక్రం కదలదు. గేర్లు లేని స్కూటరుకి బ్రేకు పిడిని గుడ్డతో బిగించి కట్టండి. అద్దాలు విప్పి మీ సంచిలో వేసుకోండి.

పదో, పదిహేనో కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆపి తాళ్ళు చూడమని బయలుదేరే ముందే డ్రైవరుతో చెప్పండి. మా పక్కింటావిడ క్యాబినులో కూర్చుని, టీ కొట్టు దగ్గర ఆపించి చూపించిందట. ఒక తాడు రెండంగుళాలు సాగివుంది. డ్రైవరు నవ్వుకుంటూనే మళ్ళీ బిగించాడట.

ఇన్సూరెన్సు కాగితం కూడా తీసి చూడండి. సమగ్ర పాలసీ అయితే బండిని రోడ్డు మీదో రైల్లోనో తరలించేటప్పుడు జరిగే నష్టానికి కూడా వర్తిస్తుంది. ఎదుటివారి నష్టానికి మాత్రమే చేసిన పాలసీకి ఆ సౌకర్యం లేదు. ఇంకొకటి, వేరే రాష్ట్రంలో బండి 12 నెలలకు మించి వుంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. అందుకని పాత వూరి రవాణా కార్యాలయంలో నిరభ్యంతర పత్రం ముందే అడిగి పెట్టుకుంటే మళ్ళీ ఆ వూరు తిరగక్కర్లేదు.

ఎక్కించే ముందు సెల్‌ఫోనులో నాలుగువైపులా ఫోటోలు తీసి, దింపాక వాటితో పోల్చి చూసుకున్నాకే కిరాయి చేతిలో పెట్టండి. బెల్టులు మీవే అయితే లెక్కపెట్టి తీసుకోండి, వచ్చే బదిలీకి పనికొస్తాయి.