పాత కట్టడాలకు కాగితమే కావలి



చారిత్రక కట్టడాల పరిరక్షణ గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము చరిత్రకారులం కాము. ప్రభుత్వ కార్యాలయాల్లో దస్త్రాలు కట్టి, విప్పి ఉద్యోగకాలం గడిపిన గుమాస్తాలం. అందుచేత గుమ్మటాల అందం కంటె వాటి కాగితాల గురించే ఎక్కువగా మాట్లాడతాము, మన్నించండి.

హైదరాబాదులోని ఎర్రమంజిల్ మీలో చాలామందికి తెలుసు. నవాబు ఫఖ్రుల్‌ముల్క్ 1870 ప్రాంతంలో ఒక గుట్టపై కట్టించిన సౌధమది. పారసీకంలో ‘ఇరం’ అంటే స్వర్గవనం. ఆ గుట్టకేమో తెలుగువారి నోట ఎర్రదనాన్ని బట్టి పేరు వచ్చిందంటారు. రెండు భాషలూ ఒక్క పేరులో ఒదిగిపోయాయి. 2019 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆ సౌధాన్ని తొలగించి అక్కడ కొత్త శాసనసభా భవనం నిర్మించాలని నిర్ణయించింది. ఇన్‌టాక్ వంటి పరిరక్షణ సంస్థలవారు అభ్యంతరం తెలిపారు. నవాబు వంశీయులు, సామాజిక కార్యకర్తలు హైకోర్టును ఆశ్రయించారు.

అక్కడ అక్కరకు వచ్చినది 1981 నాటి హుడా నియమావళిలోని పదమూడవ నిబంధన. దాని కింద నగరంలోని నూటికి పైగా కట్టడాలతో ఒక జాబితా తయారై ఉన్నది. అందులో ఉన్న కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చరాదు, మార్చరాదు. ఎర్రమంజిల్ పేరు ఆ జాబితాలో ఉన్నది. ఆ నిబంధనను 2015లోనే తొలగించామని ప్రభుత్వం వాదించినా, 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ధర్మాసనం మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఏనాడో ఎవరో ఓపికగా వ్రాసిన ఒక్క వరుస అంత పెద్ద సౌధాన్ని నిలబెట్టింది. మా వంటి గుమాస్తాలకు ఇంతకంటె తృప్తినిచ్చే సంగతి మరొకటి లేదు.

అయితే తీర్పు కూల్చివేతను ఆపగలదు గాని, కారుతున్న కప్పును బాగుచేయజాలదు. మరమ్మతు వేరే విద్య. కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013 నుండి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి చేసిన పని చూడండి. గత శతాబ్దంలో మెత్తిన సిమెంటును ఊడదీసి, మళ్లీ సున్నపు గచ్చు వేశారు. సిమెంటు గోడలోని చెమ్మను బయటికి పోనివ్వదు. లోపల ఉప్పు తేలి గచ్చు, రాయి పొరలుగా రాలిపోతాయి. సున్నం చెమ్మను పీల్చి వదిలేస్తుంది. 2013 వానలకు ఒక పక్క కూలిన బడీ బావోలీని తిరిగి నిలబెట్టారు. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది.

ఇక మన మహల్లాల సంగతి. నమాజీలు పెరిగారు, గల్ఫ్‌లోని పిల్లలు డబ్బు పంపారు. కమిటీవారు సదుద్దేశంతోనే పాత గచ్చు చెక్కించి గోడలకు టైల్స్, నేలకు గ్రానైట్ వేయిస్తారు. ఆ ఊపులోనే ద్వారం మీది శిలాఫలకానికి ఎనామిల్ పెయింట్ పూస్తారు. ఆ రాతి మీద కట్టించినవారి పేరు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. రేపు స్థలం ఎవరిదన్న వివాదం వచ్చినప్పుడు ముతవల్లి చేతిలో ఉండవలసిన సాక్ష్యాన్ని మనమే చెరిపివేసిన వారమవుతాము. చోటు చాలకపోతే తూర్పున సహన్ మీద కప్పు వేసుకోవచ్చు. పాత హాలును ముట్టనక్కరలేదు.

2025 వక్ఫ్ సవరణ చట్టం వచ్చాక తేదీల విలువ ఇంకా పెరిగింది. 1904, 1958 నాటి పురాతన కట్టడాల చట్టాల కింద అప్పటికే రక్షితమై ఉన్న ఆస్తిని ఆ తరువాత వక్ఫ్‌గా ప్రకటించి ఉంటే ఆ ప్రకటన చెల్లదని అందులో ఉన్నది. ఆ నిబంధన న్యాయమని మేము అనుకోవడం లేదు. అయినా ఏ గెజిట్ ముందు, ఏది వెనుక అన్నది ప్రతి కమిటీ తెలుసుకొని ఉండాలి. గెజిట్‌లోని సర్వే నంబరు, విస్తీర్ణం రెవెన్యూ రికార్డుతో సరిపోతున్నాయా? ముంతఖబ్ నకలు ఎవరి ఇంట్లో ఉన్నది? బీరువాలో చెదలు తింటున్నదా? తేడా కనిపిస్తే సవరణకు అర్జీ పెట్టి, అందినట్లు రసీదు తీసుకోండి. నోటి మాటతో తిరిగి రావద్దు. సమాచార హక్కు దరఖాస్తుకయ్యే రుసుము స్వల్పమే. ఫలకాన్ని, గోడలను, హద్దు రాళ్లను తేదీతో సహా ఫోటోలు తీయించి, మూడు చోట్ల భద్రపరచండి. ఫోన్‌లో మాత్రమే ఉంచితే ఫోన్‌తోనే పోతాయి.

సభ ముగిశాక మేము ఆ కుడివైపు బల్ల వద్ద కూర్చుంటాము. గెజిట్ నకలు లేనివారు ఊరి పేరు, మండలం, మస్జిద్ లేదా ఖబరస్తాన్ పేరు ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వండి. సర్వే నంబరు తెలిస్తే అదీ వ్రాయండి. దరఖాస్తు నమూనా అక్కడే ఇస్తాము.