తుపాకి ఎవరి హక్కు?

(అంబాజీపేటలో కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య మన పేటల్లో ఎక్కడ మీటింగు పెట్టినా చివర్లో కుర్రోళ్ళు ఒక మాట అడుగుతున్నారు. "మాస్టారూ, అట్రాసిటీ చట్టంలో దళితులకి తుపాకి లైసెన్సు యివ్వొచ్చని వుందంట గదా, మరి మనం ఎందుకు అడగటం లేదు?" అని. నవ్వి తోసెయ్యాల్సిన మాట కాదిది. కారంచేడు, చుండూరు విని పెరిగినవాళ్ళు అడిగే మాట. 2022 మే 24న, జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు అమలాపురంలో మంత్రి యిల్లూ, ఎమ్మెల్యే యిల్లూ తగలబెట్టడం చూసినవాళ్ళు అడిగే మాట. కాబట్టి యివాళ దీన్ని తేల్చుకుందాం.

కుర్రోళ్ళు విన్నది అబద్ధం కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని నిబంధనలు 1995లో వచ్చాయి. అందులో మూడో నిబంధన చదవండి. మొదట, అత్యాచారం జరిగే ప్రమాదమున్న ప్రాంతాల్ని ప్రభుత్వం గుర్తించాలి. తర్వాత కలెక్టరూ, ఎస్పీ అక్కడికెళ్ళి పరిస్థితి చూడాలి. ఆ తర్వాత, అవసరమనుకుంటే అక్కడి దళితేతరుల తుపాకి లైసెన్సులు రద్దు చెయ్యాలి. వాళ్ళవే కాదు, దగ్గర బంధువులవీ, పనివాళ్ళవీ, స్నేహితులవీ కూడా. ఆ తుపాకులు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. లైసెన్సు లేని తుపాకులు పట్టుకోవాలి. యివన్నీ అయ్యాక అయిదో మాటగా వుంది: అవసరమనుకుంటే దళితులకీ గిరిజనులకీ లైసెన్సులు యివ్వాలి అని.

ఆ వరస గమనించండి. ముందు వాళ్ళ చేతిలోది తియ్యాలి. తర్వాతే మన చేతిలో పెట్టే సంగతి. మనవాళ్ళు మొదటి నాలుగూ వదిలేసి అయిదోది పట్టుకున్నారు. పెత్తందారు తుపాకి అతని గోడకే వుండి మన గోడకి యింకోటి తగిలిస్తే అది రక్షణ కాదు, రెండు తుపాకుల వూరవుతుంది.

అయితే లైసెన్సు మన హక్కా? యిక్కడ మూడు మాటలు విడదీసుకోవాలి. హక్కు, అనుమతి, బాధ్యత.

ప్రాణం మీదికొచ్చినప్పుడు కాపాడుకోవడం హక్కు. అది పాత శిక్షాస్మృతిలోనూ వుంది, 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ వుంది. కర్రతో అడ్డుకున్నా అది హక్కే. తుపాకి లైసెన్సు మాత్రం హక్కు కాదు, అనుమతి. 1959 ఆయుధాల చట్టం కింద అధికారి యిస్తాడు, శాంతిభద్రతలకి ముప్పనుకుంటే అదే అధికారి తీసేస్తాడు. యిక మనల్ని కాపాడ్డం ప్రభుత్వ బాధ్యత. ఈ మూడూ కలిపేస్తే మనమే నష్టపోతాం.

ఈ చర్చ కొత్తది కాదు. 1878లో తెల్లదొరలు ఆయుధాల చట్టం తెచ్చి మనవాళ్ళకి లైసెన్సు తప్పనిసరి చేశారు, తెల్లవాళ్ళకి మినహాయింపు యిచ్చుకున్నారు. అందుకే 1931 కరాచీ తీర్మానంలో కాంగ్రెసు ఆయుధం వుంచుకునే హక్కుని కూడా రాసింది. తర్వాత 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దీన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చమని సవరణ పెట్టాడు. బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. అది ప్రతివాడికీ ప్రాథమిక హక్కయిపోతే ప్రభుత్వం చేతిలో అదుపు వుండదన్నది ఆయన వాదం. అందుకే 19వ అధికరణంలో మనకిచ్చిన సభ హక్కు కూడా శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమికూడే హక్కు. వూళ్ళో ఆయుధం ఎవరి దగ్గర పోగుపడుతుందో బాబాసాహెబ్‌కి వేరే చెప్పాలా?

మరి హక్కు హక్కు అని అరుస్తున్నదెవరు? మన దేశంలో తుపాకి యజమానులకీ సంఘాలున్నాయి. 2019లో కేంద్రం ఆయుధాల చట్టాన్ని సవరిస్తూ, మనిషికి మూడు తుపాకుల దాకా వుంచుకోవచ్చన్న నియమాన్ని ఒకటికి తగ్గించబోయింది. గోల లేచింది. తాతల నాటి తుపాకులన్నారు, వంశ గౌరవమన్నారు, ఆత్మరక్షణ హక్కన్నారు. చివరికి రెండు దగ్గర ఆగింది. యింటి స్థలం పట్టా కోసం మనం తిరిగితే ఎన్నేళ్ళు పడుతుందో మీకు తెలుసు. రెండో తుపాకి కోసం వాళ్ళు అడిగితే ఎన్నాళ్ళు పట్టిందో చూడండి.

అదే ఆయుధాల చట్టంలో యింకో సంగతి వుంది. పంట కాపలాకి నాటు తుపాకి లైసెన్సు యివ్వొచ్చంటుంది. పంట ఎవరికుంది? ఈ కొబ్బరి తోటలు ఎవరివి? దింపు తీసేది మనం, ఒలిచేది మనం, మార్కెట్‌కి మోసేది మనం. కాపలా తుపాకి మాత్రం తోట గలవాడిది. మన చేతిలో కత్తి వుంటుంది. చట్టం దృష్టిలో అది వ్యవసాయ పనిముట్టు. గొడవయి స్టేషనుకెళ్తే అదే మారణాయుధం అయిపోతుంది.

ఆ చట్టంలోనే మనకి పనికొచ్చే మాటలు రెండున్నాయి, రాసుకోండి. 14వ సెక్షను ప్రకారం, ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయాలి. కాబట్టి "నీకేముందని కాపాడుకుంటావురా" అని ఏ అధికారైనా అంటే, ఆ మాట చట్టవిరుద్ధమని చెప్పండి.

పక్క దేశాల సంగతీ చూడండి. అమెరికా రాజ్యాంగంలో ఆయుధం హక్కు 1791 నుంచీ వుంది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, నల్లవాళ్ళని పౌరులంటే వాళ్ళు ఎక్కడికైనా ఆయుధం పట్టుకుపోవచ్చు గదా అని, పౌరసత్వం లేదనడానికి దాన్నే ఒక కారణంగా చెప్పింది. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు చట్టబద్ధంగా తుపాకులు పట్టుకుని తమ వీధుల్లో పోలీసుల మీద నిఘా పెడితే, ఆ రాష్ట్రం వెంటనే గుండ్లు నింపిన తుపాకి బహిరంగంగా పట్టుకు తిరగడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. తెల్లవాడి చేతిలో హక్కు, నల్లవాడి చేతిలో ముప్పు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో మన హైదరాబాదు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని, మా దేశం నుంచి పొండని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. వూరూరా తుపాకి వుండే హక్కు అతన్ని కాపాడలేదు.

మన అనుభవం కూడా అదే చెబుతోంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపింది గొడ్డళ్ళు, బరిసెలు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి కాలవల్లో పడేశారు. వూళ్ళో పోలీసులు వుండగానే జరిగింది. నెల తర్వాత అదే వూళ్ళో తుపాకి పేలింది. పోలీసులది. చనిపోయింది దళిత యువకుడు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మనకి తక్కువైంది తుపాకి కాదు. ముందు కదలాల్సిన కలెక్టరు, నిలబడాల్సిన పోలీసు, నిలవాల్సిన తీర్పు.

యింకో మాట. తుపాకి కొనడానికి డబ్బు కావాలి, భద్రపరచడానికి గట్టి చోటు కావాలి. తాటాకింట్లో అది పెడితే రేపు అది మాయమైనా, ఎవడో కావాలని పెట్టినా కేసు మన మీదే. ఆడవాళ్ళని అడుగుతున్నాను: తాగొచ్చిన మొగుడున్న యింట్లో ఆ గొట్టం ముందు ఎవరివైపు తిరుగుతుందమ్మా?

అలాగని అయిదో మాటని వదులుకోమని నేను చెప్పను. సాక్షికి ప్రాణభయం వుంటే, ఒంటరిగా నిలబడ్డ కుటుంబం వుంటే, దరఖాస్తు పెట్టాల్సిందే. అది ఒక్కొక్కరి అవసరం. ఉద్యమం డిమాండు మాత్రం మొదటి మాట నుంచి మొదలవ్వాలి.

చెయ్యాల్సింది యిది. వెలివేసిన పేటలూ, బెదిరింపులున్న పేటలూ తేదీలతో సహా రాయండి. మా ప్రాంతాన్ని మూడో నిబంధన కింద గుర్తించమని కలెక్టరుకి అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. చుట్టుపక్కల లైసెన్సు తుపాకులు ఎన్నున్నాయో సమాచార హక్కు కింద అడగండి. జిల్లా నిఘా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలని 17వ నిబంధన చెబుతోంది. కూర్చుందా, మన అర్జీ ఏమైందని అడగండి.

వాళ్ళు తుపాకిని హక్కంటారు. మనం బతకడాన్ని హక్కందాం. ఆ హక్కుకి కాపలా ప్రభుత్వం పని. ఆ పని చేయించేదాకా వదలొద్దు.

జై భీమ్!