కంఠము – రూపము

రేడియోలో వినవచ్చు కంఠమునకు మనమొక రూపమును కల్పించుకొందుము. ఆ రూపము తనకు లేకపోవుటచే ఒక నటుడు పదహారేండ్లు వేచియుండవలసి వచ్చినది. ఆయనయే అమెరికా దేశీయుడగు విలియం కాన్రాడ్.

1946లో వెలువడిన 'ది కిల్లర్స్' చిత్రమున ఆయనది చిన్న వేషము. ఇద్దరు కిరాయి హంతకులలో ఒకడు. పిమ్మటను చిత్రసీమలో ఆయనకు లభించినవి చాలవరకు ఇట్టి పాత్రలే.

1952లో సి.బి.ఎస్. రేడియోలో 'గన్‌స్మోక్' నాటకమాల ప్రారంభమైనది. అందు మార్షల్ మాట్ డిల్లన్ కంఠము కాన్రాడ్‌దే. 1955లో ఆ కథ టెలివిజనుకెక్కగా, పాత్ర మాత్రము ఆరడుగుల ఏడంగుళముల జేమ్స్ ఆర్నెస్‌కు దక్కెను. ఆర్నెస్ సయితము 1951లో 'ది థింగ్' చిత్రమున ముఖము గుర్తింపరాని భూతపు వేషము వేసినవాడే! స్థూలకాయుడగు కాన్రాడ్ 1961 వరకు రేడియోలోనే మార్షలుగా మిగిలెను.

తుదకు 1971లో 'కానన్' అను టెలివిజను ధారావాహికయందు ఆయన అపరాధ పరిశోధకుడయ్యెను. అది 1976 వరకు సాగినది. నాడు అడ్డమైన స్థూలకాయమే నేడు కథానాయకుని గుర్తయ్యెను.

కావున సినిమాలో క్షణకాలము కనబడి మరుగగు నటుని పేరును సయితము ఒకపరి అడిగి తెలిసికొనుడు.